ఇంట ఓడి... రచ్చ గెలిచిన జట్టు!

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ సామెతను తిరగేసి రాసిన జట్టొకటి మన తెలుగునాట వుండేది. సొంత మైదానంలో వరసగా ఓడింది. సముద్రం దాటి వెళ్ళి కప్పు గెలిచింది. కప్పుతో తిరిగొస్తే ఆడుకోడానికి ఇల్లే లేకపోయింది! చివరికి యజమాని అప్పుల్లో చిక్కి, అమ్ముడుపోబోయి, అమ్ముడు కూడా పోలేక మాయమైపోయింది.

దాని పేరు డెక్కన్ చార్జర్స్. ఆయుష్షు అయిదు సీజన్లు. ఫలితం తేలిన మ్యాచ్‌లు 75. గెలిచినవి 29, ఓడినవి 46. ఈ అంకెలు చూసి "ఓస్, ఇంతేనా!" అనుకోకండి. వందరోజులు ఆడిన సినిమాలన్నీ గుర్తుండవు. మూడు వారాలాడినా కొన్ని గుండెల్లో వుండిపోతాయి. ఈ జట్టు కథ ఆ రెండో రకం. త్యాగం వుంది, ఫ్లాపు వుంది, సూపర్ హిట్టు వుంది, కోర్టు సీను వుంది. నిర్మాతలు మారడం కూడా వుంది. పైగా చివరి రీల్లో వచ్చినవాళ్ళంతా నిజంగా సినిమావాళ్ళే!

ముహూర్తం షాట్

2008 జనవరి 24. ముంబయిలో ఐ.పి.ఎల్. జట్ల వేలం జరిగింది. ఎనిమిది ఊళ్ళు, ఎనిమిది జట్లు. కలకత్తా జట్టును షారుఖ్ ఖాన్ బృందం తీసుకుంది. పంజాబు జట్టు భాగస్వాముల్లో ప్రీతీ జింటా వుంది. హైదరాబాదును మాత్రం సినిమా స్టారెవరూ కొనలేదు. పత్రికా సంస్థ డెక్కన్ క్రానికల్ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పాడుకుంది. డాలరు నలభై రూపాయలు పలుకుతున్న ఆ రోజుల్లో అది సుమారు 428 కోట్ల రూపాయల లెక్క. పదేళ్ళలో వాయిదాల మీద కట్టాలి. ముంబయి, బెంగుళూరుల తర్వాత అత్యధిక ధర మనదే.

పత్రిక పేరులోంచి "డెక్కన్" వచ్చింది. దూసుకొచ్చే ఎద్దు చిహ్నమైంది. ఇక తారాగణం ఎంపిక.

ప్రతి ఊరికీ ఒక "ఐకాన్" ఆటగాడు వుండాలన్నది నిర్వాహకుల ఆలోచన. ముంబయికి సచిన్, కలకత్తాకి గంగూలీ, బెంగుళూరికి ద్రావిడ్, ఢిల్లీకి సెహ్వాగ్, పంజాబుకి యువరాజ్. మరి హైదరాబాదుకు? ఇంకెవరు, వి.వి.యస్. లక్ష్మణే! ఐకాన్‌కి ఓ ప్రత్యేకమైన లాభం వుంది. వేలంలో ఆ జట్టు కొన్న అత్యంత ఖరీదైన ఆటగాడికన్నా అతనికి 15 శాతం ఎక్కువ ముట్టాలి.

లక్ష్మణ్ ఏం చేశాడో తెలుసా? ఆ హోదా నాకొద్దన్నాడు! జట్టు ఖర్చు పెట్టగలిగిన మొత్తమే 50 లక్షల డాలర్లు. అందులో పెద్ద వాటా తనకే పోతే మంచి ఆటగాళ్ళను ఎలా కొంటారన్నది అతని ఆలోచన. చివరికి 3 లక్షల 75 వేల డాలర్లకు ఆడడానికి ఒప్పుకున్నాడు. ఫిబ్రవరి 20న జరిగిన ఆటగాళ్ళ వేలంలో ఇదే జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేలకు కొంది. ధోనీ 15 లక్షల తర్వాత ఆ రోజు పలికిన పెద్ద ధర అదే. ఐకాన్ లెక్కన చూస్తే లక్ష్మణ్‌కి పదిహేనున్నర లక్షలు రావాలి. వచ్చింది అందులో నాలుగో వంతయినా కాదు. హీరో తన పారితోషికం తగ్గించుకుని మంచి సపోర్టింగ్ ఆర్టిస్టులను పెట్టించడమంటే ఇదేనన్నమాట!

ఆ డబ్బుతో గిల్‌క్రిస్ట్ వచ్చాడు. గిబ్స్, అఫ్రిది, ఆర్.పి. సింగ్, చమిందా వాస్ వచ్చారు. 7 లక్షల 50 వేల డాలర్లకు ముంబయి కుర్రాడు రోహిత్ శర్మ వచ్చాడు. అతని తల్లిది మన విశాఖపట్నమే. విశాఖ వేణుగోపాలరావు, హైదరాబాదు రవితేజ సరే సరి. కాగితం మీద చూస్తే మల్టీస్టారర్. చూసినవాళ్ళందరూ కప్పు మనదేననుకున్నారు.

మొదటి రిలీజు... ఫ్లాపు!

మొదటి ఆట 2008 ఏప్రిల్ 20న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో షారుఖ్ జట్టు మీద. మనవాళ్ళు 110 పరుగులకే చాప చుట్టేశారు. సరే, పరాయి ఊరు కదా అని సర్దుకున్నారు అభిమానులు. రెండు రోజుల తర్వాత సొంత ఊరు ఉప్పల్ స్టేడియంలో ఢిల్లీ మీద ఆట. సెహ్వాగ్ 94 కొట్టి అవుట్ కాకుండా నిలబడి తొమ్మిది వికెట్ల తేడాతో గెలిపించుకుపోయాడు.

ఏప్రిల్ 24 ఆట మరీ ఘోరం. సైమండ్స్ 53 బంతుల్లో 117 పరుగులు చేశాడు. స్కోరు 214. ఇంక గెలుపెవరిదనే ప్రశ్నే లేదనుకున్నారు జనం. చివరి ఓవర్లో రాజస్థాన్‌కి 17 పరుగులు కావాలి. బంతి సైమండ్స్ చేతికే ఇచ్చారు. క్రీజులో ఎవరంటే బౌలర్ షేన్ వార్న్! బ్యాటు పట్టుకున్న ఆ స్పిన్ మాంత్రికుడు సిక్సర్లు బాది ఒక బంతి మిగిలి వుండగానే ఆట ముగించేశాడు. ఆ యేడు కప్పు కూడా ఆ రాజస్థానే ఎగరేసుకుపోయింది.

తొలి గెలుపు ఏప్రిల్ 27న దక్కింది. ఎక్కడ? ముంబయి జట్టు మీద, నవీ ముంబయి డి.వై. పాటిల్ మైదానంలో. గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో సెంచరీ కొట్టి, 109 పరుగులతో అజేయంగా నిలిచి పది వికెట్ల తేడాతో గెలిపించాడు. రెండో గెలుపు మద్రాసులో. అంతే, ఆ యేడు ఇంకో గెలుపు లేదు. 14 ఆటల్లో 2 గెలుపులు, ఎనిమిదింటిలో ఎనిమిదో స్థానం.

అసలు బాధ అది కాదు. ఉప్పల్లో ఆడిన ఏడు ఆటల్లో ఏడూ ఓడారు! గెలిచిన రెండూ బయటివే. చక్రాయపేట, వేంపల్లె, పులివెందుల వైపు నుంచి హైదరాబాదంటే రాత్రంతా బస్సు ప్రయాణం. ఆ దూరం పోయి చూసినవాళ్ళకు దక్కింది ఓటమే. ఊళ్ళో టీవీ ముందు కూచున్నవాళ్ళే నయం, కనీసం బస్సు చార్జీలు మిగిలాయి! "మనోళ్ళు మళ్ళా ఓడినారంట" అనే మాట ఆ వేసవిలో ఎన్ని అరుగుల మీద వినబడిందో లెక్కలేదు.

ఎందుకలా అయిందంటే, సైమండ్స్ ఆస్ట్రేలియా జట్టు పిలుపు మీద మధ్యలోనే వెళ్ళిపోయాడు. లక్ష్మణ్ చేతికి గాయమై కూచుండిపోయాడు. గిల్‌క్రిస్ట్ 436, రోహిత్ 404 పరుగులు చేసినా తక్కినవాళ్ళు కలిసి రాలేదు. స్టార్లుంటే చాలదు, స్క్రీన్‌ప్లే కూడా వుండాలన్న సంగతి ఫిలింనగర్లోనే కాదు, ఉప్పల్లోనూ నిజమే!

సముద్రం దాటాక సూపర్ హిట్

2009లో మన దేశంలో సార్వత్రిక ఎన్నికలు. భద్రత చాలదని ఐ.పి.ఎల్. మొత్తాన్ని దక్షిణాఫ్రికాకు తరలించారు. అందరికీ అది పరాయి గడ్డే. మనవాళ్ళకు మాత్రం కలిసొచ్చింది. సొంత ఊరు అచ్చిరాని జట్టుకి అంతకన్నా ఏం కావాలి చెప్పండి!

జెర్సీ రంగు మారింది, నీలమూ వెండీ కలిసి మెరిసింది. కోచ్‌గా డారెన్ లేమన్ వచ్చాడు. గిల్‌క్రిస్ట్ కెప్టెనయ్యాడు. మొదటి ఆట మళ్ళీ షారుఖ్ జట్టు మీదే. ఈసారి వాళ్ళు 101కి ఆలౌట్! ఆర్.పి. సింగ్‌కి నాలుగు వికెట్లు. అక్కణ్ణించి వరసగా నాలుగు గెలుపులు.

రోహిత్ శర్మ ఆ యేడు చేసిన పనులు సినిమాలో పెడితే అతిగా వుందంటారు. మే 6న ముంబయి జట్టు మీద బంతి పట్టుకుని హ్యాట్రిక్ కొట్టాడు. మీరు సరిగ్గానే చదివారు, బౌలింగులోనే! పది రోజుల తర్వాత కలకత్తా మీద చివరి ఓవర్లో 21 పరుగులు కావలసి వచ్చాయి. మొర్తజా వేసిన ఆ ఓవర్ చివరి బంతిని సిక్సర్ కొట్టి ఆట గెలిపించాడు. తర్వాతి రోజుల్లో ఆ కలకత్తా మీదా, ఇంకెందరి మీదో ఎన్ని సిక్సర్లు బాదాడో మీకు నేను చెప్పాలా?

లీగులో నాలుగో స్థానం. బొటాబొటీగా సెమీస్‌లో అడుగు. మే 22న ఢిల్లీతో ఆట. మొదటి ఓవర్లోనే నానెస్ బౌలింగులో గిల్‌క్రిస్ట్ అయిదు ఫోర్లు బాదాడు. 17 బంతుల్లో యాభై. 35 బంతుల్లో 85. ఢిల్లీవాళ్ళకు ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే పందెం చేజారిపోయింది.

మే 24. జొహాన్నెస్‌బర్గ్ వాండరర్స్ మైదానం. ఫైనల్. ఎదురుగా బెంగుళూరు. దాని కెప్టెన్ కుంబ్లే. మొదటి ఓవర్ కుంబ్లేయే వేశాడు. గిల్‌క్రిస్ట్ సున్నాకే అవుట్! హీరో మొదటి రీల్లోనే పడిపోతే సినిమా ఎవరు నడపాలి? గిబ్స్ నడిపాడు. అవతల వికెట్లు పడుతున్నా 53 పరుగులతో చివరిదాకా నిలబడ్డాడు. స్కోరు 143. ఏమంత పెద్దది కాదు. అయితే సైమండ్స్ టేలర్‌నీ, కోహ్లీనీ పడగొట్టాడు. ఓఝా మూడు వికెట్లు తీశాడు. చివరి ఓవర్లో బెంగుళూరికి 15 కావాలి. బంతి ఆర్.పి. సింగ్ చేతిలో వుంది. ముందటేడు వార్న్ కొట్టిన దెబ్బలు గుర్తున్న అభిమానికి ఆ ఆరు బంతులూ ఆరు గంటలు. ఈసారి కథ తిరగబడలేదు. బెంగుళూరు 137 దగ్గర ఆగిపోయింది. ఆరు పరుగుల తేడాతో కప్పు మనది!

నాలుగు వికెట్లు తీసిన కుంబ్లేకి మ్యాచ్ బహుమతి, గిల్‌క్రిస్ట్‌కి టోర్నీ బహుమతి. 23 వికెట్లు తీసిన ఆర్.పి. సింగ్‌కి ఊదారంగు టోపీ. పోయినేడు అట్టడుగున వున్న జట్టు ఈ యేడు శిఖరం మీద. ఇలాంటి క్లైమాక్సు ఏ రచయిత రాసినా ప్రేక్షకుడు ఈలలు వేస్తాడు.

ఇల్లు లేని ఛాంపియన్

ఇక సొంత జనం ముందు ఆడి చూపించాలి కదా. 2009 అక్టోబరులో ఛాంపియన్స్ లీగ్ మన దేశంలో జరిగింది. ఉప్పల్లో ఇంగ్లండు జట్టు సోమర్సెట్‌తో ఆట. శ్రావణ శనివారం నాటి గండి ఆంజనేయస్వామి క్షేత్రంలో భక్తుల్లా అభిమానులు ఎంత ఆశతో ఎదురు చూశారో! ఒకే ఒక్క వికెట్ తేడాతో ఓడారు. ట్రినిడాడ్ చేతిలోనూ ఓడి ఇంటికి... కాదు, ఇంట్లోనే వుండిపోయారు.

2010 ఐ.పి.ఎల్. నాటికి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా వుంది. హైదరాబాదులో ఆటలు పెట్టలేమన్నారు. డిఫెండింగ్ ఛాంపియన్ "సొంత" ఆటలు నాగపూర్‌లో, కటక్‌లో, నవీ ముంబయిలో జరిగాయి! హైదరాబాదు పేరు పెట్టుకున్న జట్టు హైదరాబాదులో ఒక్క ఆట ఆడకుండా సీజను ముగించింది. అయినా చివరి అయిదు లీగ్ ఆటలూ వరసగా గెలిచి సెమీస్‌కి చేరిందంటే ఆ జట్టు మొండితనం చూడండి. ఏప్రిల్ 22న ధోనీ జట్టు చేతిలో 104కి ఆలౌటై వెనుదిరిగింది. ప్రజ్ఞాన్ ఓఝా 21 వికెట్లతో ఊదారంగు టోపీ గెలుచుకోవడమొక్కటే ఊరట.

అంటే లెక్క చూసుకోండి. మొదటి యేడు ఇంట ఏడుకి ఏడూ ఓటమి. రెండో యేడు పరదేశం. మూడో యేడు పరాయి ఊళ్ళు. వెలుగు వెలిగిన రోజుల్లో ఆ జట్టును సొంత ఊరు కళ్ళారా చూసుకోలేదు. ప్రేమించిన జనం ప్రేమించింది టీవీలోనే!

తారాగణం మొత్తం మారింది

2011 జనవరిలో మళ్ళీ పెద్ద వేలం. పాతవాళ్ళను నలుగురివరకూ అట్టే పెట్టుకోవచ్చన్నారు. చార్జర్స్ ఒక్కరినీ అట్టే పెట్టుకోలేదు. కప్పు తెచ్చిన గిల్‌క్రిస్ట్ పంజాబుకి, రోహిత్, సైమండ్స్ ముంబయికి, లక్ష్మణ్, ఆర్.పి. సింగ్ కొచ్చికి వెళ్ళారు. జట్టు కోసం లక్షల డాలర్లు వదులుకున్న లక్ష్మణ్ హైదరాబాదు జట్టులో లేడంటే ఆ రోజు ఎంతమందికి మనసు చివుక్కుమనివుంటుంది!

కొత్తగా సంగక్కర కెప్టెన్, డేల్ స్టెయిన్ బౌలింగు నాయకుడు. శిఖర్ ధావన్, ఇషాంత్ శర్మ, డుమిని, అమిత్ మిశ్రా చేరారు. చెడ్డవాళ్ళు కాదు. కొచ్చి మీద ఇషాంత్ 12 పరుగులకు 5 వికెట్లు తీసి ఆ జట్టును 74కి కూలగొట్టాడు. అయినా పది జట్లలో ఏడో స్థానమే దక్కింది.

2012 ఏప్రిల్ 9. విశాఖపట్నంలో చార్జర్స్ "సొంత" ఆట. ఎదురుగా ముంబయి. గెలుపు చివరి ఓవర్ దాకా వచ్చింది. చివరి బంతి. బ్యాటు పట్టుకున్నదెవరు? రోహిత్ శర్మ! సిక్సర్. 73 పరుగులతో అజేయుడు. ఒకప్పుడు చివరి బంతికి సిక్సర్ కొట్టి మనల్ని గెలిపించిన కుర్రాడు, తన తల్లి పుట్టినూళ్ళో చివరి బంతికి సిక్సర్ కొట్టి మనల్నే ఓడించాడు. అతని తప్పేముంది? అట్టే పెట్టుకోనిది మనమే కదా.

ఆ యేడు గెలిచినవి నాలుగే ఆటలు. తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానం. అందులో చివరి గెలుపు చెప్పుకుతీరాలి. మే 20న ఉప్పల్లో బెంగుళూరుతో ఆట. గెలిస్తే వాళ్ళు ముందుకి వెళ్తారు. మనకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. డుమిని 74 కొట్టినా మన స్కోరు 132 మాత్రమే. కోహ్లీ, గేల్, డివిలియర్స్ వున్న జట్టుకి అదో లెక్కా? స్టెయిన్ నాలుగు ఓవర్లు వేసి 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. తొమ్మిది పరుగుల తేడాతో చార్జర్స్ గెలిచారు. ఆ దెబ్బకు బెంగుళూరు ఇంటికి పోయింది, చెన్నై ముందుకు పోయి ఫైనల్ దాకా ఆడింది.

తమ చివరి ఆటలో, సొంత ఊళ్ళో, సొంత జనం ముందు, ఏ లాభమూ లేని ఆటను ప్రాణం పెట్టి గెలిచారు. అదే చివరి ఆటని ఆ రోజు స్టేడియంలో కేకలు వేసినవాళ్ళకు తెలీదు.

అసలు విలన్ ఎవరు?

ఫాస్ట్ బౌలరూ కాదు, పిచ్చూ కాదు. అప్పు! యజమాని సంస్థ డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ బ్యాంకులకు బకాయిలతో సతమతమైంది. 2012 సెప్టెంబరులో జట్టును అమ్మకానికి పెట్టింది. ముందుకొచ్చిన బేరం ఎవరిదో తెలుసా? పి.వి.పి. వెంచర్స్ అధినేత పొట్లూరి వరప్రసాద్‌ది. ఆ తర్వాత "బలుపు", "ఊపిరి", "క్షణం" తీసిన పి.వి.పి. సినిమా ఆయనదే. 900 కోట్లన్నారు. చెల్లింపు షరతుల దగ్గర పేచీ వచ్చి బేరం కుదరలేదు. మర్నాడే, సెప్టెంబరు 14న, క్రికెట్ బోర్డు జట్టు హక్కులు రద్దు చేసింది.

కథ బొంబాయి హైకోర్టుకెక్కింది. 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ చూపిస్తే అవకాశమిస్తామన్నారు. గడువు దాటినా గ్యారంటీ రాలేదు. బోర్డు కొత్తగా టెండర్లు పిలిచింది. అక్టోబరు 25న రెండు సీల్డు కవర్లు విప్పారు. ఒకటి మళ్ళీ పి.వి.పి.ది, యేడాదికి 69 కోట్ల 3 లక్షలు. రెండోది సన్ టీవీది, యేడాదికి 85 కోట్ల 5 లక్షలు. 2010లో రజనీకాంత్ "రోబో" తీసిన సన్ పిక్చర్స్ వాళ్ళ సంస్థేనండీ! 2008లో సినిమావాళ్ళెవరూ అడగని హైదరాబాదును 2012లో ఇద్దరు సినిమా నిర్మాతలు పోటీపడి అడిగారన్నమాట. పాత యజమాని పదేళ్ళకు ఒప్పుకున్న మొత్తాన్ని అటూఇటుగా కొత్త యజమాని అయిదేళ్ళకే ఇస్తానన్నాడు. జట్టు విలువ పోయి మూతపడలేదు. జేబు చిల్లుపడి మూతపడింది!

ఆ డిసెంబరులో కొత్త పేరు ప్రకటించారు. సన్‌రైజర్స్ హైదరాబాద్. "డెక్కన్" పోయి "సన్" వచ్చింది. జట్టు పేరులో ఊరికన్నా యజమాని పేరు ముందు నిలబడింది.

మనీలాలోనూ ఇదే కథ

ఇది మనకే పట్టిన గ్రహచారమనుకోకండి. ఫిలిప్పీన్స్ దేశంలో మన క్రికెట్టంత పిచ్చి బాస్కెట్‌బాల్ మీద. ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ 1975లో మనీలాలోనే మొదలైంది. అక్కడ జట్లకు ఊళ్ళ పేర్లుండవు, సరుకుల పేర్లే! బట్టల కంపెనీ క్రిస్పా, కార్ల కంపెనీ టొయోటా జట్ల మధ్య పోటీ అంటే మనదగ్గర ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. అభిమానుల పోటీలాంటిది. క్రిస్పా 13 టైటిళ్ళు, టొయోటా 9 గెలిచాయి. మరి చివరికి? 1984లో టొయోటా తప్పుకుంది. ఆ సీజను ముగిశాక క్రిస్పా కూడా తప్పుకుంది. అన్ని కప్పులు గెలిచిన జట్లకూ కంపెనీ లెక్కల పుస్తకమే ఆయుష్షు రాసింది.

అయితే అభిమాని ఊరుకున్నాడా? టొయోటా హీరో రాబర్ట్ జవోర్స్కీ ఓ జిన్ కంపెనీ జట్టులో చేరితే జనం అతని వెంటే నడిచారు. ఆ జట్టే జినెబ్రా పేరుతో ఆ దేశంలో అత్యధిక అభిమానులున్న జట్టయింది. జవోర్స్కీ 1998లో ఏకంగా సెనేటర్‌గా ఎన్నికయ్యాడు! యజమాని జట్టును మూసేయగలడు, అభిమానాన్ని మూసేయలేడు.

శుభం కార్డు తర్వాత

మన కథలోనూ అంతే జరిగింది. స్టెయిన్, ధావన్, మిశ్రా లాంటివాళ్ళు సన్‌రైజర్స్ చొక్కా తొడుక్కున్నారు. లక్ష్మణ్ 2013లో ఆ జట్టు మెంటార్‌గా ఇంటికి తిరిగొచ్చాడు. 2016 మే 29న సన్‌రైజర్స్ కప్పు గెలిచారు. కెప్టెన్ వార్నర్. గిల్‌క్రిస్ట్‌లాగే ఆస్ట్రేలియావాడు, ఎడమచేతి వాటం ఓపెనరు. ఓడినది మళ్ళీ బెంగుళూరే, తేడా ఎనిమిది పరుగులు. ఆడింది ఎక్కడా? బెంగుళూరులో! హైదరాబాదుకు కప్పు మళ్ళీ రచ్చలోనే దొరికింది.

రోహిత్ ముంబయికి కెప్టెనై అయిదు కప్పులు తెచ్చాడు, 2024లో దేశానికి ట్వంటీ ట్వంటీ ప్రపంచ కప్పు తెచ్చాడు. అతను అందుకున్న మొదటి ఐ.పి.ఎల్. కప్పు మాత్రం చార్జర్స్ చొక్కాలో అందుకున్నదే. సైమండ్స్ 2022 మేలో కారు ప్రమాదంలో కన్నుమూశాడు. కోర్టు కథ ఇంకా సాగింది. జట్టు రద్దు చెల్లదంటూ 2020లో మధ్యవర్తి 4,800 కోట్లకు పైగా చెల్లించమన్నాడు. 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఎన్ని వందల కోట్ల లెక్కలు తేలినా, ఉప్పల్ గ్యాలరీలో కూచుని గొంతు పోయేలా అరిచినవాడి వాటా ఎంతో ఏ తీర్పులోనూ రాయలేదు.

ఇప్పుడు ఈ పాత కథ ఎందుకంటారా? మన కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంనుంచి శ్రీచరణి అనే అమ్మాయి వచ్చింది. ఎడమచేతి స్పిన్నరు. 2025 నవంబరు 2న మన ఆడపిల్లలు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో వుంది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఫైనల్ జరిగిందెక్కడో తెలుసా? నవీ ముంబయి డి.వై. పాటిల్ మైదానంలో. చార్జర్స్ తొలి గెలుపు రుచి చూసిన చోటే! మరి ఆ అమ్మాయి మహిళా ప్రీమియర్ లీగులో ఏ ఊరికి ఆడుతోంది? 2025లో 55 లక్షలకు ఢిల్లీ తీసుకుంది. ప్రపంచ కప్పు తర్వాత జరిగిన వేలంలో కోటీ 30 లక్షలకు మళ్ళీ ఢిల్లీయే తీసుకుంది. 2023లో అయిదు జట్లతో మొదలైన ఆ లీగులో తెలుగువాళ్ళ జట్టు ఒక్కటీ లేదు. ఇంట గెలుద్దామన్నా ఆమెకు ఇల్లు కట్టినవాళ్ళు లేరు!

రేపెప్పుడో ఓ నిర్మాత, ఓ పత్రికాధిపతి, ఓ వ్యాపారి ఆ జట్టును కొనొచ్చు. పేరులో ముందు తన కంపెనీ పేరే పెట్టుకోవచ్చు. పెట్టుకోనివ్వండి. ఆ రోజు చక్రాయపేటనుంచి రాత్రి బస్సెక్కి వెళ్ళే అభిమాని అడగాల్సింది ఒకటే: "అయ్యా, పేరు మీదే పెట్టుకోండి. ఆట మాత్రం మా ఊళ్ళో ఆడించండి. గెలిచినా, ఓడినా మా కళ్ళ ముందే!"